కరెంటు టవర్ మన చేలోకే ఎందుకొచ్చింది?

(తెర మీద: మిరప చేలో ఎర్రరంగు పూసిన సర్వే రాయి)

నమస్తే అండీ. చేలో కరెంటు టవర్ కోసం పాతిన ఇలాంటి రాయి కనిపించగానే ఎవరికైనా వచ్చే ప్రశ్న ఒకటే. ఇంత ఊరుండగా మా పొలంలోకే ఎందుకు?

విజయవాడ దగ్గరి నున్న సబ్‌స్టేషన్ నుంచి కృష్ణ దాటించి గుంటూరు వైపు కొత్త 220 కేవీ (2 లక్షల 20 వేల వోల్టుల) లైను వేస్తున్నారనుకుందాం.

(మ్యాపు: నున్న నుంచి గుంటూరుకు తిన్నని గీత)

ఇలా సూటిగా వెళ్తే ఖర్చు తక్కువ. కానీ ఆ గీత కింద బెజవాడ ఇళ్లున్నాయి, రైలు పట్టాలున్నాయి, హైవే ఉంది, నది ఉంది. గన్నవరం వైపు జరిపితే టవర్ల ఎత్తుకు విమానాశ్రయం వాళ్ల అనుమతి కావాలి. కొండపల్లి వైపు జరిపితే రిజర్వు అడవి. అందుకే ఇంజనీర్లు రెండు మూడు దారులు గీసి పోల్చి చూస్తారు.

ఇక్కడ రైతులు తప్పకుండా తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. తీగ తిన్నగా వెళ్లేచోట టవర్ ముఖ్యంగా ఆ తీగ బరువు మోస్తే చాలు. మలుపులో మాత్రం రెండు వైపుల తీగలూ టవర్ని లోపలికి లాగుతుంటాయి. దానికి ఉక్కు ఎక్కువ కావాలి, పునాది పెద్దది కావాలి. కాబట్టి లైనును పక్కకు జరపమంటే చాలాసార్లు ఒప్పుకోరు. అదే లైను మీదే టవర్ని కాస్త ముందుకో వెనక్కో జరిపి గట్టు మీదకు తెమ్మంటే వీలుండే అవకాశం ఎక్కువ. ఈ మాట సర్వే జరిగేటప్పుడే అడగాలండీ. కాంక్రీటు పడ్డాక అడిగి లాభం లేదు.

(దగ్గరగా: బీటలు తీసిన నల్లరేగడి)

గుంటూరు వైపు నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. అందుకే మట్టి పరీక్ష చేశాకే పునాది రకం తేలుస్తారు. ఇక గాలి. మన దేశ ప్రమాణాల్లో విజయవాడలో టవర్ల డిజైన్‌కు లెక్కలోకి తీసుకునే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. తుపాను తీరం కదా మరి.

(తెర మీద: మే నెల మధ్యాహ్నం, రెండు టవర్ల మధ్య వేలాడే తీగ)

ఈ తీగను చూడండి. మే నెలలో ఇంటింటా ఏసీలు తిరుగుతుంటే తీగలో కరెంటు పెరుగుతుంది, పైన ఎండ మాడుస్తుంది. రెండూ కలిసి తీగ వేడెక్కి సాగి కిందికి దిగుతుంది. అంత దిగినా నేలకు కనీసం 7 మీటర్ల ఎత్తుండాలి. టవర్ల ఎత్తు, వాటి మధ్య దూరం ఈ లెక్కతోనే తేలతాయి.

తీగల కింద సుమారు 35 మీటర్ల వెడల్పు పట్టీని కారిడార్ అంటారు. కిలోమీటరుకు దాదాపు ఎనిమిదిన్నర ఎకరాలు. వరి, మిరప, పత్తి వేసుకోవచ్చు. ఇల్లు కట్టకూడదు, కొబ్బరి చెట్లు పెంచకూడదు. పొలం మీ పేరునే ఉంటుంది, అయినా విలువ పడిపోతుంది. ఆ నష్టం చిన్నది కాదు. 2024 జూన్‌లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు టవర్ స్థలానికి భూమి విలువలో 200 శాతం, కారిడార్‌కు 30 శాతం పరిహారం చెప్పాయి. అమలు రాష్ట్ర ఉత్తర్వులను బట్టి ఉంటుంది. కాబట్టి మీ లైనుకు ఏ జీవో వర్తిస్తుందో రాతపూర్వకంగా అడగండి. పంట నష్టం లెక్క వేరు. పని మొదలయ్యేముందే చేను ఫొటోలు తీసి, పాస్ పుస్తకం నకలుతో కలిపి దగ్గర పెట్టుకోండి. మొత్తం తక్కువ అనిపిస్తే జిల్లా కోర్టుకు వెళ్లే హక్కు మీకుంది.