కింద పడితే పేలుతుందా? స్ట్రైకర్ పిస్టల్ కొనే ముందు

(తెర మీద: బంగారుపాళ్యం దగ్గర మామిడి తోట, పొద్దున్నే. ఖాళీ క్రేట్లు, ట్రాక్టర్. తర్వాత కెమెరా వరండాలోకి వస్తుంది.)

నమస్కారమండీ. మాది తిరుపతి. మొన్న తోతాపురి కాయలు కోసే రోజుల్లో బంగారుపాళ్యం దగ్గర మా చిన్నాయన తోటకు వెళ్లాను. ఆయనకు చాలా ఏళ్లుగా పిస్టల్ లైసెన్సు ఉంది. వాళ్ల నాయన నుంచి వచ్చిన పాత బెల్జియం పిస్టల్ వాడుతున్నాడు. అన్నం తినేసి మంచం మీద కూర్చున్నాక అడిగాడు:

"దీన్ని ఇచ్చేసి కొత్తది తీసుకుందామనుకుంటా ఉండా అబ్బోడా. స్ట్రైకర్ పిస్టల్ అని ఏందో అంటా ఉండారు. దానికి సేఫ్టీ బటనే ఉండదంట. నడుములో పెట్టుకుంటే పేలదా?"

ఈ వీడియో ఆ ప్రశ్నకు జవాబు. ఇది ప్రాణాలతో పని కాబట్టి కొంచెం నిదానంగానే చెబుతాను. దయచేసి మధ్యలో వదిలేయకండి.

(తెర మీద: రెండు బొమ్మలు. ఒకదాని వెనక చిన్న సుత్తి కనిపిస్తుంది, రెండోదాని వెనక భాగం నున్నగా ఉంటుంది.)

మన పోలీసుల దగ్గర ఏళ్లుగా ఉన్న 9 ఎంఎం ఆటో పిస్టల్ చూసే ఉంటారు. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారయ్యేది. దాని వెనక చిన్న సుత్తి ఉంటుంది, అదే హ్యామర్. ట్రిగ్గర్ నొక్కగానే హ్యామర్ వెళ్లి ఫైరింగ్ పిన్నును కొడుతుంది, పిన్ను తూటా అడుగున ఉండే ప్రైమర్‌ను కొడుతుంది. హ్యామర్ లేచి ఉందో పడుకుని ఉందో కంటికి కనిపిస్తుంది.

స్ట్రైకర్ పిస్టల్లో ఆ సుత్తి ఉండదు. పిన్నునే స్ప్రింగుకు ఎదురుగా వెనక్కి లాగి, ఒక కొక్కెంతో పట్టి ఉంచుతారు. ఆ పిన్నునే స్ట్రైకర్ అంటారు. ఉండేలు రబ్బరు లాగి పట్టుకున్నట్టు అనుకోండి. గ్లాక్ కంపెనీ పిస్టళ్ల లాంటి వాటిలో రబ్బరును కొంత మేరకే లాగి ఉంచుతారు. మిగతాది మన వేలు ట్రిగ్గర్ నొక్కుతూ లాగుతుంది, చివర్లో వదిలేస్తుంది. మరికొన్నింటిలో రబ్బరు ముందే దాదాపు పూర్తిగా లాగి ఉంటుంది, వేలు చేసేది వదిలేయడమే. ఏది ఎంత లాగి ఉందో బయటి నుంచి చూస్తే తెలియదు. అందుకే కొనే పిస్టల్ ఈ రెండింటిలో ఏ రకమో ముందు అడగండి.

ఇక్కడ చిన్నాయనకు తెలియని సంగతి ఒకటుంది. ఆయన దగ్గరున్న 1910 మోడల్ బ్రౌనింగ్ కూడా స్ట్రైకర్ పిస్టలే! 1914లో సరయేవోలో ఆస్ట్రియా యువరాజును కాల్చింది ఈ మోడల్ పిస్టల్‌తోనే. అంటే ఈ పద్ధతికి వందేళ్లు దాటింది. దానికి పిడి వెనక నొక్కితే తప్ప పేలనివ్వని గ్రిప్ సేఫ్టీ ఉంది, చేత్తో వేసే సేఫ్టీ ఉంది, మ్యాగజైన్, అంటే పిడిలో దూర్చే తూటాల డబ్బా, తీసేస్తే ట్రిగ్గర్ పనిచేయకుండా చేసే ఏర్పాటూ ఉంది. ఇన్ని ఉన్నా ముఖ్యమైనది ఒకటి లేదు. పిన్నుకు అడ్డంగా నిలబడి, ట్రిగ్గర్ నొక్కితేనే పక్కకు తప్పుకునే దిమ్మ. దాన్ని స్ట్రైకర్ బ్లాక్ అంటారు. అది లేని పాత పిస్టల్లో, పిన్నును ఆపే కొక్కెం అరిగిపోయి ఉంటే, గట్టిగా కింద పడినప్పుడు ఏమవుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు.

"అంటే ఇన్నేండ్లు దీన్ని చాంబర్లో తూటా పెట్టుకోని తిరిగినానే!" అన్నాడు చిన్నాయన. చాంబర్ అంటే గొట్టం వెనక, పేలడానికి సిద్ధంగా తూటా కూర్చునే చోటు. ఆయన ముఖం చూసి నాకే టెన్షన్ వచ్చింది.

(తెర మీద: ట్రిగ్గర్ మధ్యలో ఉండే చిన్న పలక, దగ్గరగా.)

1982లో ఆస్ట్రియా సైన్యం గ్లాక్ 17 పిస్టల్‌ను తీసుకున్నాక ప్రపంచం ఈ పద్ధతి వైపు మళ్లింది. అందులో మూడు సేఫ్టీలు లోపలే ఉంటాయి. ట్రిగ్గర్ మధ్యలో చిన్న పలక ఒకటి. వేలు దాని మీద సరిగ్గా పడితే తప్ప ట్రిగ్గర్ వెనక్కి రాదు. రెండోది స్ట్రైకర్ బ్లాక్. మూడోది, ట్రిగ్గర్ పూర్తిగా వెనక్కి వచ్చేదాకా స్ట్రైకర్ జారిపోకుండా చూసే ఏర్పాటు. ఇవి వాటంతటవే పడతాయి, వాటంతటవే లేస్తాయి. బటన్ లేదంటే సేఫ్టీ లేదని కాదు. కాకపోతే ట్రిగ్గర్ నొక్కుతుంటే ఆ మూడూ ఒకదాని వెనక ఒకటి తప్పుకుంటాయి. నొక్కింది మీ వేలా, చొక్కా అంచా అన్నది వాటికి తెలియదు.

సరే, కింద పడే సంగతికి వద్దాం. అమెరికాలో తయారీదారుల ప్రమాణం ప్రకారం పిస్టల్‌ను నాలుగడుగుల ఎత్తు నుంచి రబ్బరు చాప మీద వేర్వేరు కోణాల్లో పడేసి చూస్తారు. ఇలాంటి పరీక్షలు ఉన్నా పొరపాట్లు జరిగాయి. రూగర్ కంపెనీ 2007లో తెచ్చిన ఎస్సార్9 పిస్టల్, సేఫ్టీ వేయకుండా కింద పడితే పేలే అవకాశం ఉందని 2008లో కంపెనీయే వెనక్కి పిలిచి ట్రిగ్గర్ భాగాలు మార్చింది. సిగ్ సావర్ పీ320ది ఇంకా పెద్ద కథ. 2017 జనవరిలో అమెరికా సైన్యం దాన్ని ఎంచుకుంది. ఆ ఏడాదే ఆగస్టులో ఒక లోపం బయటపడింది. మామూలు పరీక్షలు నెగ్గిన పిస్టలే, స్లైడ్, అంటే పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం, దాని వెనక అంచు ఒక కోణంలో నేలకు తగిలేలా పడితే పేలుతోంది.

కారణం వింటే ఆశ్చర్యపోతారు: ట్రిగ్గర్ బరువు. మన తిరుమల ఘాట్ రోడ్డు మీద బస్సు సడన్ బ్రేక్ వేస్తే నిలబడినవాళ్లు ముందుకు తూలుతారు కదా, అదే ఇది. పిస్టల్ నేలకు తగిలి ఆగిపోతుంది. లోపలి ట్రిగ్గర్ మాత్రం ఆ ఊపులో వెనక్కి పోతుంది, ఎవరో నొక్కినట్టే. ట్రిగ్గర్ కదిలింది కాబట్టి స్ట్రైకర్ బ్లాక్ కూడా మర్యాదగా తప్పుకుంటుంది. కంపెనీ తేలికైన ట్రిగ్గర్, మార్చిన లోపలి భాగాలు పెట్టి ఉచితంగా సరిచేసింది.

కింద పడకుండానే, హోల్‌స్టర్‌లో (నడుముకు కట్టుకునే పిస్టల్ ఒరలో) ఉండగానే పేలిందంటూ ఆ మోడల్ మీద కేసులు నడిచాయి. 2024లో జార్జియాలో ఒక జ్యూరీ, ఫిలడెల్ఫియాలో మరో జ్యూరీ కంపెనీకి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చాయి. ట్రిగ్గర్ కదలకుండా తమ పిస్టల్ పేలదని కంపెనీ అంటూనే ఉంది. 2025 జూలైలో ఒక సైనికుడు చనిపోయాక, అమెరికా వైమానిక దళంలోని ఒక విభాగం ఆ పిస్టల్ సైనిక రూపమైన ఎం18 వాడకాన్ని ఆపేసింది. ఆ మరణం కేసులో మరో సైనికుడిని అరెస్టు చేశారు. తనిఖీలు చేసి ఆగస్టులో వాడకాన్ని మళ్లీ మొదలుపెట్టారు. వార్త రాగానే తుపాకీదే తప్పు అనేసే వాళ్లనూ, మనిషిదే తప్పు అనేసే వాళ్లనూ నేను నమ్మను. రెండూ నిదానంగా తేలాల్సినవే.

(తెర మీద: కలెక్టరేట్ బోర్డు, లైసెన్సు పుస్తకం.)

ఇప్పుడు మన లైసెన్సు సంగతి. నేను చెప్పిన గ్లాక్ 17, పీ320 రెండూ 9 ఎంఎం. బోర్ అంటే గొట్టం లోపలి సైజు. మన దేశంలో అది నిషిద్ధ బోర్. కలెక్టర్ ఇచ్చే మామూలు లైసెన్సు మీద రాదు. మనకు దొరికే పిస్టళ్లు ఎక్కువగా .32 బోర్. కాబట్టి అమెరికా వాళ్ల వీడియోలు చూసి మోడల్ పేరు రాసుకుని దుకాణానికి వెళ్లకండి. రాసుకోవాల్సింది ప్రశ్నలు. స్ట్రైకర్ బ్లాక్ ఉందా? కింద పడేసే పరీక్ష జరిగిందా, కాగితం చూపిస్తారా? విప్పి శుభ్రం చేయాలంటే ట్రిగ్గర్ నొక్కాల్సి వస్తుందా?

ఆ చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ, నా దృష్టిలో చాలా పెద్దది. గ్లాక్‌ను విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. చాంబర్లో తూటా మిగిలి ఉంటే విప్పబోయినవాడి చేతిలోనే పేలుతుంది. పైగా మ్యాగజైన్ తీసేసినా అది పేలుతుంది. పాత బ్రౌనింగ్ అలవాటున్న మా చిన్నాయన లాంటి వాళ్లకు ఇక్కడే ప్రమాదం. మ్యాగజైన్ తీశాం కాబట్టి ఖాళీ అనుకుంటారు. నేనొకసారి ఒక ఆయుధాల దుకాణానికి వెళ్లినప్పుడు, అక్కడి మనిషి మ్యాగజైన్ లాగేసి "ఖాళీయే సార్" అంటూ గొట్టం నా కడుపు వైపు తిప్పి చూపించాడు. స్లైడ్ లాగలేదు, చాంబర్ చూడలేదు. నేను పక్కకు జరిగి, చాంబర్ చూపించమని అడిగాను. అతను నొచ్చుకున్నాడు. నొచ్చుకోనీ! మీరూ అడగండి, ఎవరినైనా అడగండి.

(తెర మీద: పంచె మడత, పక్కనే గట్టి తోలు హోల్‌స్టర్.)

నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఇదే. చిన్నాయన పిస్టల్‌ను పంచె మడతలో దోపుకుంటాడు. వాళ్ల నాయనా అలాగే దోపుకునేవాడట. డబుల్ యాక్షన్ రివాల్వర్ ట్రిగ్గర్‌ను లాగాలంటే సుమారు ఐదు కిలోల బలం కావాలి, దూరం కూడా ఎక్కువ లాగాలి. గ్లాక్ రకం ట్రిగ్గర్‌కు రెండున్నర కిలోలు చాలు. పంచె కుచ్చె, బనీను అంచు, జేబులోని తాళంచెవి ట్రిగ్గర్ దగ్గరికి దూరితే, పిస్టల్‌ను లోపలికి తోసే చేతి బలమే దాన్ని పేల్చేస్తుంది. తగిలేది తొడకో, పొత్తికడుపుకో.

కాబట్టి స్ట్రైకర్ పిస్టల్ కొనేవాళ్లు ట్రిగ్గర్ గార్డును, అంటే ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీని, పూర్తిగా మూసే గట్టి హోల్‌స్టర్‌కు కూడా డబ్బు పక్కన పెట్టుకోవాలి. మెత్తని గుడ్డ సంచి పనికిరాదు. తోలుదైతే అంచు వాడిపోయి లోపలికి మడత పడుతోందేమో అప్పుడప్పుడూ చూసుకోవాలి. హోల్‌స్టర్‌లో పెట్టేటప్పుడు కళ్లతో చూస్తూ, నిదానంగా పెట్టండి. లోపల పెట్టడానికి ఎవరికీ తొందర ఉండదు. ఇంకో మాట. ట్రిగ్గర్ గట్టిగా ఉందని, తెలిసిన మెకానిక్‌తో కొక్కెం అరగదీయించే వాళ్లున్నారు. ఆ పని మాత్రం చేయకండి. ఆ కొక్కెం అంచు మీదే మీ ప్రాణం నిలబడి ఉంది.

నమ్మకంగా పేలుతుందా అన్నది ఇక మిగిలింది. స్ట్రైకర్ పిస్టల్‌కు ఎక్కువ హాని చేసేది మన శ్రద్ధే, అంటే నూనె ఎక్కువగా పోయడం. స్ట్రైకర్ కదిలే గొట్టం పొడిగా ఉండాలి. అందులో నూనె పోస్తే మన చిత్తూరు ఎండాకాలం దుమ్ముతో కలిసి జిగురవుతుంది, పిన్ను మెల్లగా కొడుతుంది, ప్రైమర్ పేలదు. అలా పేలకపోతే చాలా స్ట్రైకర్ పిస్టళ్లలో మళ్లీ ట్రిగ్గర్ నొక్కి ఉపయోగం లేదు, స్లైడ్ లాగాల్సిందే. ఫైరింగ్ రేంజ్‌లో ఉంటే పిస్టల్ గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి అర నిమిషం ఆగండి. ఆలస్యంగా పేలే తూటాలూ ఉంటాయి. తూటాలు ఖరీదే, కోటా కూడా ఉంటుంది. అయినా మీరు వాడబోయే తూటాలతోనే కనీసం ఒక యాభై కాల్చి చూడనిదే ఆ పిస్టల్‌ను నమ్మకండి.

ఎన్నికలప్పుడు ఆయుధాలు స్టేషన్‌లో జమ చేస్తాం కదా, తిరిగి తెచ్చుకున్నాక అలాగే బీరువాలో పెట్టేయకుండా విప్పి తుప్పు, స్ప్రింగులు చూడండి. కొండకు వెళ్లే వాళ్లు ఆయుధం ఇంట్లోనే లాక్ చేసి రండి. అలిపిరి తనిఖీ దాటి తీసుకెళ్లడానికి వీల్లేదు. కారు డ్యాష్‌బోర్డులో వదిలేయడం అంతకంటే ప్రమాదం.

(తెర మీద: మళ్లీ తోట. వరండాలో ఖాళీ మంచం.)

చిన్నాయన కొత్త పిస్టల్ ఇంకా కొనలేదు. పాతదాని చాంబర్ నా ఎదురుగానే ఖాళీ చేశాడు. తూటాలు ఒక డబ్బాలో, పిస్టల్ లాకర్లో పెట్టి, తాళంచెవి మా పిన్నమ్మ చేతికిచ్చాడు. సాయంత్రం తోటలోకి వెళ్తూ అలవాటుగా పంచె మడత తడుముకున్నాడు. అక్కడ ఏమీ లేదు. టార్చి లైటు తీసుకుని వెళ్లిపోయాడు.