లీడర్ చేతికి సుద్దముక్క ఇవ్వకండి

అందరికీ నమస్కారం. డీఎస్సీ గట్టెక్కి వచ్చారు, బీఎడ్‌లో పాఠ్యపథకాలు రాసి రాసి చేతులు నొప్పెట్టి ఉంటాయి, మళ్లీ నేను సిద్ధాంతాలు మొదలుపెడితే మీరు లేచిపోతారు. అందుకే మొదటి ఏడాది నేను చేసిన తప్పులు చెప్తాను.

జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏడో తరగతికి లెక్కలు చెప్పేవాణ్ణి. క్లాసులో గోల అంటే నాకు మహా టెన్షన్, పక్క గదిలో సీనియర్ మాస్టారు ఏమనుకుంటారో అని. ఆఫీసు రూముకి వెళ్లాల్సి వస్తే క్లాస్ లీడర్ చేతికి సుద్దముక్క ఇచ్చి, మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయమనేవాణ్ణి. రోజూ అవే నాలుగు పేర్లు. ఆ నలుగురికీ గోడకుర్చీ. క్లాసు చప్పుడు లేకుండా ఉండేది, నాకు గర్వంగా కూడా ఉండేది. సంక్రాంతి సెలవుల ముందు అసలు సంగతి బయటపడింది: పేరు రాయకుండా ఉండాలంటే లీడర్‌కి చాక్లెట్టో రీఫిలో ముట్టజెప్పాలట! ఆ నలుగురూ అల్లరివాళ్లేం కాదు, కొనివ్వడానికి చేతిలో డబ్బుల్లేనివాళ్లు, అంతే. క్లాసు ముందే వాళ్లకి సారీ చెప్పాను. చులకనైపోతానేమో అని ముందురోజు రాత్రంతా నిద్ర లేదు గానీ, అలాంటిదేమీ జరగలేదు. అయితే ఆ నలుగురిలో ఒకడు నన్ను డౌట్ అడగడానికి మళ్లీ మార్చి దాకా పట్టింది.

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. మనవాళ్లకి మొదటి సగమే గుర్తుంటుంది. బెత్తం బీరువాలో పెట్టేశాం, 'మొద్దు', 'నీకెందుకురా చదువు' మాత్రం నోట్లోనే ఉన్నాయి. ఊరి యాసలో జవాబు చెప్పిన పిల్లని చూసి నవ్వడం కూడా ఇందులోకే వస్తుందని నా ఉద్దేశం, ఎందుకంటే ఆ యాస వాళ్లమ్మది.

ఇంకోటి. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు సైన్సు క్లాసుల్ని రికార్డు చేసి విన్నారు, 1970ల నాటి మాట. టీచర్లు ప్రశ్న వేశాక జవాబు కోసం సగటున ఒక్క సెకను ఆగుతున్నారట, అంతే, ఇంకొకర్ని లేపడమో తామే చెప్పేయడమో చేస్తున్నారు. మూడు సెకన్లు ఆగడం అలవాటు చేసుకున్న చోట పిల్లల జవాబులు పొడుగయ్యాయి, మామూలుగా నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడారు. మూడు సెకన్లు ఏముందిలే అనుకుంటాం గానీ, నలభై మంది మీకేసి చూస్తుంటే అది మూడు నిమిషాల్లా ఉంటుంది. నేను మనసులో అంకెలు లెక్కపెట్టుకునేవాణ్ణి.

తప్పు జవాబు వచ్చినప్పుడు ఏం చేస్తారన్నదే అసలు పరీక్ష. సగానికి మూడోవంతు కలపమంటే, పైవి పైవి, కిందవి కిందవి కలిపేసి 'అయిదింట రెండు సార్' అంటాడు ఒకడు. 'తప్పు, కూర్చో' అంటే ఆ పీరియడ్‌కి వాడి పని అయిపోయినట్టే. అదే, 'సగం రొట్టె ఉంది, ఇంకో ముక్క కలిపావు, నీ లెక్కలో సగం కన్నా తగ్గిందేమిట్రా?' అని అడిగి ఆగండి. అయిదింట రెండు సగం కన్నా తక్కువని ఎవరో ఒకరు పట్టుకుంటారు, చాలాసార్లు వాడే పట్టుకుంటాడు. తర్వాత క.సా.గు. ఎందుకో మీరు విడిగా నచ్చజెప్పక్కర్లేదు.

మొదటి వారంలో సిలబస్ నడవకపోయినా కొంపలేం మునగవు. హాజరు నంబరుతో కాకుండా పేరుతో పిలవండి, ఇంట్లో ఏమని పిలుస్తారో కనుక్కోండి. పత్తి ఏరడానికి వెళ్లి నాలుగు రోజుల తర్వాత వచ్చిన పిల్లని 'ఇన్నాళ్లూ ఎక్కడ తిరిగావ్' అనకండి, పక్కమ్మాయి నోట్సు ఇప్పించండి. లీడర్ పని వారానికొకరికి మార్చండి, పేర్లు రాయించడం మాత్రం వద్దు.

సరే, ఇక మీరు అడగండి. వెనక వరసలోంచి మొదలుపెడదాం, ఇందాకట్నుంచి అక్కడే ఏదో చర్చ నడుస్తోంది.