గుండె ఆగిన మనిషి చేతిలో తాళాల గుత్తి పెట్టకండి

నమస్కారం అండి. ఈరోజు వీడియో కొంచెం పొడుగే, అయినా మధ్యలో ఆపకుండా చూడండి, ఇది మీ ఇంట్లో ఎవరికో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు పనికొచ్చే విషయం. నేను పుట్టి పెరిగింది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో. ఇప్పుడు మహేంద్రతనయ నది అవతల, ఆంధ్రాలో శ్రీకాకుళం వైపు ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. మొన్న సంక్రాంతికి ఇంటికెళ్తే మా పెదనాన్న అడిగారు, "ఏటమ్మా, మీ ఆసుపత్రిలో గుండె ఆగిపోయినోడికి కరెంటు పెట్టి లేపేస్తారట, నిజమేనా?" అని. సగం నిజం పెదనాన్నా అన్నాను. మిగతా సగం ఆయనకి చెప్పేసరికి రెండు గ్లాసుల టీ అయిపోయింది, అదే మీకూ చెప్తాను.

ముందు మా చిన్నాన్న సంగతి. నాలుగేళ్ల కింద బజార్లో, కిరాణా కొట్టు ముందు బియ్యం బస్తా దింపుతూ దబ్బున పడిపోయారు. చేతులూ కాళ్లూ రెండు మూడుసార్లు కొట్టుకున్నాయి. చుట్టూ ఉన్నవాళ్లు "మూర్ఛరా, మూర్ఛ" అని చేతిలో తాళాల గుత్తి పెట్టారు, ఒకాయన ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పట్టారు, ఇంకొకరు మొహం మీద నీళ్లు కొట్టారు. అందరూ మంచివాళ్లే, అందరూ ఆయన బతకాలనే పరుగెత్తారు. కాసేపటికి ఆయన నోరు తెరిచి గుర్రుమని ఒక గురక పెట్టారు, మళ్లీ ఆగి ఇంకో గురక. "ఊపిరి ఆడుతోంది, భయం లేదు" అనుకున్నారట. అది ఊపిరి కాదండీ. గుండె ఆగిపోయిన తర్వాత మెదడు అడుగు భాగం ఆఖరిగా లాగించే ఎగశ్వాస అది, ఒడ్డున పడ్డ చేప నోరు తెరిచినట్టు ఉంటుంది. ఆ కొట్టుకోవడం కూడా మూర్ఛ కాదు, మెదడుకి రక్తం అందక వచ్చిన వణుకు. ఆటో దొరికేసరికి 12 నిమిషాలు పట్టింది. ఆ 12 నిమిషాల్లో ఆయన ఛాతీ మీద ఒక్క చెయ్యి కూడా పడలేదు.

ఆయన మాకు దక్కలేదు. అప్పటికి నేను నర్సుగా చేరి ఆరేళ్లు, మా వీధిలో ఒక్కరికి కూడా ఛాతీ ఎలా నొక్కాలో చూపించలేదు. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడం వేరు. గుండెపోటులో గుండెకి రక్తం తెచ్చే నాళం మూసుకుపోతుంది, మనిషికి చెమటలు పడతాయి, ఛాతీ పట్టేస్తుంది, కానీ మాట్లాడుతుంటాడు. గుండె ఆగిపోతే ఉన్నట్టుండి స్పృహ పోతుంది, పిలిస్తే పలకడు, ఊపిరి ఉండదు, లేదా ఇందాక చెప్పిన గురక మాత్రమే ఉంటుంది. గుండెపోటు వచ్చిన మనిషికే కాసేపటికి గుండె ఆగిపోవచ్చు, అందుకే ఛాతీ నొప్పి అన్నప్పుడు గ్యాస్ అనుకుని కూర్చోకూడదు. నిజానికి ఇలా పడిపోయిన చాలామందిలో గుండె మొదట్లో పూర్తిగా ఆగదు, లయ తప్పి వణుకుతూ ఉంటుంది. వణుకుతుందే గానీ ఒక్క చుక్క రక్తం కూడా బయటికి తొయ్యలేదు. షాక్ పనిచేసేది ఈ వణుకు మీదే. పెదనాన్న అన్న కరెంటు ఇదే. ఛాతీ నొక్కడం, షాక్ ఇవ్వడం రెండూ లేకుండా గడిచే ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. మా చిన్నాన్న 12 నిమిషాలు మీరే లెక్కేసుకోండి.

సినిమాల్లో మానిటర్ మీద గీత అడ్డంగా సాఫీగా వెళ్లిపోతుంటే డాక్టరు షాక్ కొడతాడు, మనిషి ఎగిరి లేస్తాడు. అలా జరగదు. గీత సాఫీగా ఉంటే మేము షాక్ ఇవ్వం, ఎందుకంటే షాక్ చేసే పని పిచ్చిగా కొట్టుకుంటున్న గుండెని ఒక్క క్షణం ఆపి, తన లయ తను అందుకునేలా వదిలెయ్యడం. అసలు కదలికే లేని గుండెని ఆపడానికి ఏముంది? అప్పుడు ఛాతీ నొక్కుతూనే ఉంటాం, 3 నుంచి 5 నిమిషాలకోసారి 1 మిల్లీగ్రాము అడ్రినలిన్ ఇస్తాం, ఒకపక్క కారణం వెతుకుతాం, ఆక్సిజన్ తగ్గిందా, పొటాషియం పెరిగిందా, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అడ్డుపడిందా అని. ఇంకో మాట. ఆ ఇంజెక్షన్ చేతి నరంలో వేస్తే గుండెదాకా తీసుకెళ్లేది కూడా మా నొక్కుడే. అందుకే టీమ్ లీడర్ పదే పదే అరిచేది "ఆపకండి" అనే. లయ చూడటానికి ఆపినా 10 సెకన్లు దాటనివ్వరు. ఇంత పెద్ద చికిత్సంతా రెండు అరచేతుల మీద నిలబడింది, అవి మీకూ ఉన్నాయి.

ఛాతీ నొక్కే ఈ పద్ధతి 1960లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ నుంచి లోకానికి తెలిసింది. ముగ్గురు కలిసి దాని మీద వ్యాసం రాశారు, అందులో కౌవెన్‌హోవెన్ గారు డాక్టరు కాదు, ఎలక్ట్రికల్ ఇంజనీరు. కుక్కల మీద షాక్ ప్రయోగాలు చేస్తుంటే, షాక్ ఇచ్చే బరువైన పలకలను ఛాతీ మీద అదిమినప్పుడల్లా రక్తపోటు కాస్త లేవడం ఆయన దగ్గర పనిచేసే నికర్‌బాకర్ కంట్లో పడింది. ఛాతీ కోయకుండా, బయటి నుంచి నొక్కి కూడా రక్తాన్ని నడిపించొచ్చని అలా తేలింది.

సరే, ఎలా నొక్కాలి? మనిషిని నేల మీదికి దించండి. మంచం మీద వద్దు, నులక మంచం మీద అసలే వద్దు, మీరు నొక్కితే మంచం కిందికి పోతుంది తప్ప ఛాతీ దిగదు. ఒకరు 108కి ఫోన్ చెయ్యాలి, స్పీకర్ పెట్టి పక్కన ఉంచాలి. ఛాతీ మధ్య ఎముక కింది సగం మీద ఒక అరచేయి మడమ, అంటే మణికట్టు దగ్గరి గట్టి భాగం, దాని మీద రెండో చెయ్యి. మోచేతులు వంచకుండా మీ ఒంటి బరువు దాని మీద పడాలి. పెద్దవాళ్లకి కనీసం 5 సెంటీమీటర్లు దిగాలి, 6 దాటకూడదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీ మళ్లీ పూర్తిగా పైకి రావాలి, అప్పుడే గుండెలోకి రక్తం నిండుతుంది. రెండు నిమిషాలకి మనిషి మారాలి, మీకు అలసట తెలియకముందే లోతు తగ్గిపోతుంది. పక్కటెముక టక్కుమంటే భయపడి ఆపకండి, ఎముక అతుక్కుంటుంది. నోట్లో నోరు పెట్టి ఊదడం నేర్చుకోనివాళ్లు పెద్దవాళ్ల విషయంలో నొక్కుతూ ఉంటే చాలు. నీళ్లలో మునిగినవాళ్లకీ పిల్లలకీ మాత్రం ఊదడం కూడా చాలా ముఖ్యం.

ఇప్పుడు లయ తప్పడం గురించి. పోయిన నెల కొండ మీది సవర గిరిజనుల ఊరి నుంచి ఒక అమ్మాయి వచ్చింది, ఇరవై రెండేళ్లు ఉంటాయి. గుండె నిమిషానికి 190 సార్లు కొట్టుకుంటోంది, మెడ దగ్గర నరం ఎగురుతుంటే దూరం నుంచే కనబడుతోంది. వాళ్లమ్మ దిష్టి తగిలిందని మిరపకాయలు తీసి మరీ వచ్చింది. బీపీ బాగానే ఉంది కాబట్టి డాక్టరు గారు 10 ఎంఎల్ సిరంజి చేతికిచ్చి, లోపలి పిస్టన్ కదిలేలా 15 సెకన్లు ఊదమన్నారు, ఊదడం అవ్వగానే వెనక్కి పడుకోబెట్టి కాళ్లు పైకి లేపారు. మా అందరి కళ్లూ మానిటర్ మీదే. 188, 190, ఇంకా 190, ఉన్నట్టుండి 92. ఆ అమ్మాయి "దిగింది" అంది, అంతే. 2015లో వచ్చిన పెద్ద పరిశోధనలో మామూలుగా ఊదితే 100కి 17 మందికి తగ్గితే, ఇలా కాళ్లు లేపితే 43 మందికి తగ్గింది. తగ్గనివాళ్లకి అడినోసిన్ అనే ఇంజెక్షన్ ఇస్తాం, అది ఇచ్చినప్పుడు మానిటర్ మీద గీత కొన్ని సెకన్లు సాఫీ అయిపోతుంది, ప్రాణం పోతున్నట్టుందని పేషెంటు అంటారు. మీవాళ్లకి ఇస్తుంటే చూసి టెన్షన్ పడకండి, అది అనుకున్నదే. ఇవన్నీ మానిటర్ ఉన్న చోటే చెయ్యాలి, ఇంట్లో ప్రయత్నించకండి.

దడ తెలియకుండా కూడా వచ్చే లయ తప్పడం ఇంకోటి ఉంది, అదే నాకు ఎక్కువ భయం. మణికట్టు దగ్గర నాడి పట్టుకుంటే ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ పొంతన ఉండదు. దీంట్లో గుండె పై గది సరిగ్గా కుదించుకోక రక్తం నిలవ ఉండి గడ్డ కడుతుంది, ఆ గడ్డ మెదడుకి ఎగిరితే పక్షవాతం. చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చి గుండె కవాటం పాడైనవాళ్లకి ఈ ముప్పు మరీ ఎక్కువ. మా అమ్మమ్మకి జరిగింది ఇదే. పొద్దున్నే చెంబు ఎత్తబోతే చెయ్యి లేవలేదు, మూతి ఒక పక్కకి లాగేసింది. గాలి సోకిందన్నారు, నూనె మర్దనా చేయించారు, ఎవరో పావురం నెత్తురు రాస్తే తగ్గుతుందంటే అదీ రాయించారు. ఆసుపత్రికి తెచ్చింది మూడో రోజు.

పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉంది, లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు. పెద్ద నాళం మూసుకుంటే తీగ పంపించి గడ్డ లాగే చికిత్స కొందరికి 24 గంటల దాకా చెయ్యొచ్చు, కానీ అది పెద్ద ఊళ్లలోనే. ఎంత ముందు వస్తే మెదడు అంత మిగులుతుంది. అందుకే మేము అడిగే మొదటి ప్రశ్న "చివరిసారి బాగున్నది ఎప్పుడు చూశారు?" అని. లేచేసరికి ఇలా ఉందంటే లెక్క లేచిన టైము నుంచి కాదు, రాత్రి పడుకునే ముందు మాట్లాడినప్పటి నుంచి. మూతి వంకర, చెయ్యి జారడం, మాట ముద్దగా రావడం, ఉన్నట్టుండి చూపు పోవడం, నడక తూలడం, ఇందులో ఏ ఒక్కటి కనబడినా టైము చూసి కాగితం మీద రాయండి. నీళ్లు కూడా తాగించకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆస్పిరిన్ వెయ్యకండి, ఎందుకంటే గడ్డ అడ్డుపడినా, నరం చిట్లి రక్తం కారినా పైకి ఒకేలా ఉంటుంది, తేల్చేది సీటీ స్కాన్ ఒక్కటే. బీపీ మాత్ర నాలుక కింద పెట్టకండి.

ఇక మన సరిహద్దు వాళ్ల కష్టం. పేషెంటుని బండిలో పెట్టుకుని ఆంధ్రాలో పాతపట్నం వైపు తిరగాలా, ఒడిశాలో బరంపురం వైపా, ఈ ఆరోగ్య కార్డు ఎక్కడ చెల్లుతుంది అని ఇంటి ముందే అరగంట వాదించుకోవడం నేను కళ్లారా చూశాను. 108 కొడితే ఒక్కోసారి ఫోను అవతలి రాష్ట్రం టవర్ పట్టుకుంటుంది, అక్కడ ఒడియాలో మాట్లాడతారో తెలుగులో మాట్లాడతారో తెలియదు, కాబట్టి ఊరు, మండలం, జిల్లా, ఏ రాష్ట్రమో ముందు చెప్పండి. ఆ వాదన ఈరోజే, ఇంట్లో అందరూ బాగున్నప్పుడే పెట్టుకోండి. మీకు దగ్గర్లో ఉన్న ఆసుపత్రులకి ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి: సీటీ స్కాన్ రాత్రిళ్లు కూడా తీస్తారా, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉంటుందా, షాక్ మెషిన్ ఉందా. మా అమ్మమ్మని మొదట తీసుకెళ్లిన చోట స్కాన్ మెషిన్ ఉంది గానీ తీసేవాళ్లు లేరు. జవాబులు కాగితం మీద రాసి తలుపు వెనక అంటించండి. బయల్దేరేటప్పుడు వాడే మందుల అట్టలన్నీ ఒక సంచిలో వేసి తెచ్చేయండి, ముఖ్యంగా రక్తం పలచన చేసే మాత్రలుంటే. "తెల్ల మాత్ర, పొద్దున ఒకటి" అంటే మాకు ఏదీ తెలియదు.