నీళ్లు తీశాక గుర్తొచ్చే ఊళ్లు

హోస్ట్: మాస్టారూ, నమస్కారమండీ. బడి నుంచి రిటైరయ్యారు గానీ రెడ్‌క్రాస్ పని వదల్లేదు మీరు. వరదొస్తోందని మీకు ముందు ఎలా తెలుస్తుంది?

మాస్టారు: భద్రాచలం కబురమ్మా. అక్కడ గోదారి నీటిమట్టం 43 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 53కి మూడోది. ఆ నీళ్లు దిగువన ధవళేశ్వరం ఆనకట్టకి చేరడానికి ఇంచుమించు ఓ రోజు పడుతుంది. నది మధ్య లంక ఊళ్లల్లో ముసలివాళ్లని, పశువుల్ని గట్టెక్కించడానికి మనకున్న వ్యవధి అదే. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులకి, అంటే సెకనుకి అన్ని ఘనపుటడుగుల నీళ్లు వస్తే, మూడో హెచ్చరిక ఇస్తారు. 2022 జులైలో 25 లక్షలు దాటింది.

హోస్ట్: అప్పుడు మీరు లంకల్లో తిరిగారు కదండీ?

మాస్టారు: తిరిగాం. మొదటి రెండు మూడు రోజులూ తిండికి లోటుండదమ్మా. గట్టు మీదకి పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు వస్తూనే ఉంటాయి. మన గోదారోళ్లది పెట్టే చెయ్యి. నీళ్లు తీశాకే ఎవరూ కనబడరు. అలా ఓ ఇంటికెళ్లాను. గదిలో మోకాలి లోతు ఒండ్రు. ఆవిడ పొయ్యిలోంచి బురద గరిటెతో తోడుతోంది. ఏం కావాలమ్మా అంటే, "మూతున్న బకెట్టొకటి ఇప్పించండి, మంచినీళ్లు పట్టుకోడానికి ఏమీ మిగల్లేదు" అంది. బియ్యం అడగలేదు, చీర అడగలేదు.

హోస్ట్: బకెట్టు!

మాస్టారు: బావి మునిగిపోయింది కదా. ట్యాంకర్ నీళ్లు మూత లేకుండా పెడితే పిల్లలకి విరేచనాలు పట్టుకుంటాయి. అందుకే మా కిట్లలో బకెట్టు, టార్పాలిన్, వంట గిన్నెలు, దోమతెర, దుప్పటి లాంటివి ఉంటాయి. ఒకసారి ఎవరో లారీడు పాత బట్టలు తెచ్చి గట్టు మీద దింపి వెళ్లిపోయారు. వానకి తడిసి అక్కడే కుళ్లిపోయాయి. వాళ్ల మనసు మంచిదేనమ్మా. ఇక్కడివాళ్లని ఒక్క మాట అడగలేదు, అంతే.

హోస్ట్: మరి ఎవరికివ్వాలన్న దగ్గర గొడవలు రావా అండీ?

మాస్టారు: రేవులో నిలబడి పంచితే వస్తాయి. ముందుకి తోసుకొచ్చినవాడికి రెండు అందుతాయి, చివరి పేటలో ముసలామెకి ఒక్కటీ అందదు. అందుకని ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకుంటాం. కులం అడగం, పార్టీ అడగం. 1859లో సోల్ఫెరినో యుద్ధభూమిలో హెన్రీ డ్యూనాంట్ రెండు పక్షాల క్షతగాత్రులకీ సాయం చేశాడు. ఈ సంస్థ పుట్టుకే అక్కడుంది, మరి మేం పేట చూసి ఇస్తే ఎలా? మన దేశంలో 1920లో చట్టం చేసి మరీ పెట్టారు. జిల్లా శాఖకి కలెక్టర్ గారే అధ్యక్షులు. దాంతో చాలామంది ఇది గవర్నమెంటు ఆఫీసనుకుంటారు. కాదమ్మా, సభ్యులు, దాతలు, వలంటీర్లు నడిపేది.

హోస్ట్: మీరెప్పుడు చేరారండీ?

మాస్టారు: 96 తుపాను తర్వాత. నవంబరు 6 రాత్రి. తెల్లారి చూస్తే తోటలకి తోటలే నేలమీద ఉన్నాయి. కొబ్బరి మొక్క మళ్లీ కాపుకి రావాలంటే ఏళ్లు కావాలి, సాయం చేసేవాళ్లేమో నెలలోపే వెళ్లిపోతారు. ఆ బాధతోనే చేరాను.

హోస్ట్: వినేవాళ్లలో కుర్రాళ్లున్నారు. వాళ్లు ఏం చెయ్యాలంటారు?

మాస్టారు: వరదొచ్చాక పరిగెత్తుకొస్తే మాకు టెన్షన్ పెరుగుతుంది. వేసవిలోనే వచ్చి ప్రథమ చికిత్స నేర్చుకోండి, ఈత రాకపోతే అదీ నేర్చుకోండి. నేను ఏటా జూన్ లోపు పడవలవాళ్ల ఫోన్ నంబర్లు సరిచూసుకుంటాను. మొన్న చేస్తే ఇద్దరివి కలవలేదు. రేపు పొద్దున్నే రేవుకెళ్లి కనుక్కోవాలి.