పేజీ పోయింది సరే, మా జనమేరీ?

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదవమని చీటీ ఇచ్చారు గానీ, చదివితే నాకిచ్చిన టైము దానికే సరిపోతుంది, ఏమీ అనుకోకండి. బ్లాక్‌చెయిన్ గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను, ముందు మా తప్పెటగుళ్ళ గొడవ చెప్పనివ్వండి.

మా గజపతినగరం వైపు ఒక బృందం ఉంది, మా మావయ్యే గురువు. కాళ్ళకు గజ్జెలు, గుండె మీద రేకు తప్పెట, ఆడుతుంటే చెవులు గింగురుమంటాయి. మా బావ ఫోన్‌లో వీడియోలు తీసి ఒక పేజీలో పెట్టేవాడు. జాతరలకు పిలుపులన్నీ అందులోనే వచ్చేవి. ఎవడో మా వీడియో దించుకుని, తన ఛానల్లో పెట్టుకుని, ఆ పాట తనదేనని ఫిర్యాదు చేశాడు. పేజీ మూసేశారు! మా పాట మేము దొంగిలించామట. మొరపెట్టుకుంటే ఇంగ్లీషులో మెషీన్ జవాబు. మావయ్య ఒకటే అడిగాడు: "వీడియోలు పోతే మళ్ళీ ఆడతాంరా, ఆ చూసినోళ్ళందర్నీ ఎక్కడెతుకుతాం?"

అసలు ప్రశ్న అదే. వీడియోలు కాదు, జనం.

బ్లాక్‌చెయిన్ అంటే ఒకే చిట్టా ఎన్నో కంప్యూటర్లలో ఉండటం, ఏ ఒక్కడూ దాన్ని దిద్దలేకపోవడం. ఫార్‌కాస్టర్ అనే సోషల్ మీడియాలో ఖాతా ఎవరిదన్నది బ్లాక్‌చెయిన్ మీద ఉంటుంది, పోస్టులు బయట వేరే సర్వర్లలో ఉంటాయి. ఖాతా తాళంచెవి, అంటే పాస్‌వర్డ్ లాంటి రహస్య సంకేతం, మీ దగ్గర. ఒక యాప్ నచ్చకపోతే అదే ఖాతాతో, అదే జనంతో ఇంకో యాప్‌లోకి పోవచ్చు. అయితే ఆ తాళంచెవి పోతే, పాస్‌వర్డ్ మార్చినంత తేలిగ్గా తిరిగి రాదు, అదొక టెన్షన్.

వెనక బెంచీ తమ్ముళ్ళూ, ఇది వినండి. 2020లో, స్టీమ్ అనే బ్లాక్‌చెయిన్ మీద సోషల్ సైట్ నడిపే స్టీమిట్ అనే కంపెనీని జస్టిన్ సన్ అనే క్రిప్టో వ్యాపారి కొన్నాడు. అక్కడ టోకెన్లే ఓట్లు. టోకెన్లు కొని అమ్మే కొన్ని ఎక్స్ఛేంజీలు, తమ ఖాతాదారులు దాచుకున్న టోకెన్లతోనే ఆయన వైపు ఓట్లేశాయి. అంటే బ్లాక్‌చెయిన్ ఉన్నా డబ్బున్నవాడు పెత్తనం మీద కూర్చోగలడు! కానీ అక్కడి జనం మార్చిలో చిట్టాను కాపీ చేసుకుని, ఖాతాలతో, రాసుకున్న పోస్టులతో సహా హైవ్ అని వేరుకాపురం పెట్టేశారు. మా బావకి లేనిది ఆ దారే.

ఇంకో మాట. ఫొటోలు నేరుగా చెయిన్ మీద పెట్టకండి, చెరగవు. పాట ముద్ర, అంటే ఆ ఫైలు నుంచి లెక్కగట్టిన చిన్న గుర్తు, మాత్రం చెయిన్ మీద వేసుకోవచ్చు, ఫలానా తేదీకి మన దగ్గరుందని సాక్ష్యం. దొంగ ముందే వేసేస్తే అదీ వాడికే పనికొస్తుందనుకోండి.

2023 డేటా చట్టం మన డేటా చెరిపేయమని అడిగే హక్కిచ్చింది గానీ, మూటగట్టుకుని ఇంకోచోటికి పట్టుకుపోయే హక్కు ఇవ్వలేదు. 2019 బిల్లులో ఉన్నదాన్ని తీసేశారు! ఎందుకు తీశారని మన ఎంపీగారిని అడగండి, ఓట్లకొచ్చినప్పుడే కాదు, ఇప్పుడే ఉత్తరం రాయండి. నేను రాశాను, ఎవరైనా సంతకం పెడతానంటే కాగితం ఈ బల్ల మీదుంది.

ఇక ప్రశ్నలు. ఏ కాయిన్ కొనమంటారని మాత్రం అడక్కండి.