వేదిక మీది ఎగతాళి: ఏది తాకాలి, ఏది వదలాలి

సభకు నమస్కారం.

పదునైన మాటకు పేరుపడ్డ స్టాండప్ కమెడియన్లను అవార్డుల వేడుకలకు వ్యాఖ్యాతలుగా పిలిచి, ఎదురుగా కూర్చున్న సినీతారలను వాళ్ల చేత ఎగతాళి చేయించడం సబబేనా అన్నది ఈ సాయంత్రం నాకు అప్పగించిన ప్రశ్న. సబబే అని నా అభిప్రాయం. అయితే దానికి ఒక షరతు ఉంది, ఈ ప్రసంగమంతా ఆ షరతు గురించే. మనిషి తన ఇష్టంతో, తన పలుకుబడితో చేసిన పనిని ఎంత కఠినంగానైనా పరిహసించవచ్చు; అతని ఒంటికి వచ్చిన జబ్బును, ఇంట్లోని పిల్లలను, మానిపోయిన గాయాన్ని వేదిక మీదికి లాగకూడదు. వినడానికి ఇది అందరూ ఒప్పుకునే మాటలాగే ఉంటుంది. గత పదిహేనేళ్ల హాలీవుడ్ వేడుకలను వరుసగా చూస్తే మాత్రం, దాన్ని పాటించినవాళ్లకంటే దాటి చప్పట్లు కొట్టించుకున్నవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు.

మన తెలుగువాళ్లలో చాలామంది, అమెరికాలో సినిమాలకు, టీవీకి పురస్కారాలిచ్చే గోల్డెన్ గ్లోబ్స్ వేడుకను శ్రద్ధగా చూసింది 2023 జనవరిలో. ‘నాటు నాటు’ పాటకు కీరవాణి గారు పురస్కారం అందుకున్న రాత్రి అది. ఆనాటి వ్యాఖ్యాత జెరోడ్ కార్మైకేల్ అనే నల్లజాతి కమెడియన్. అప్పట్లో ఆ పురస్కారాలను ఇస్తున్న హాలీవుడ్ ఫారిన్ ప్రెస్ అసోసియేషన్‌లో 87 మంది సభ్యులుండగా నల్లజాతివారు ఒక్కరూ లేరని 2021లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రిక బయటపెట్టింది; ఆ దుమారంలో ఎన్‌బీసీ టీవీ సంస్థ 2022 వేడుకను ప్రసారమే చేయలేదు. కార్మైకేల్ వేదిక మీదికి వచ్చి, తాను నల్లవాణ్ణి కాబట్టే తనను పిలిచారని, ఈ పనికి 5 లక్షల డాలర్లు ఇస్తామన్నారని, వేడుకకు ముందు సంస్థ అధ్యక్షురాలిని కలవమంటే తాను వెళ్లలేదని నింపాదిగా చెప్పాడు. డబ్బిచ్చి పిలిచినవారి ఎదుటే, వారి వేదిక మీదనే, వారి తప్పును బయటపెట్టిన ధైర్యం అది. అదే రాత్రి ఆయనే, ఈ వేడుక విట్నీ హ్యూస్టన్‌ను చంపిన హోటల్ నుంచి ప్రసారమవుతోందని కూడా అన్నాడు. ఆ గాయని 2012లో ఆ బెవర్లీ హిల్టన్ హోటల్ గదిలోనే మరణించింది. మొదటి మాటకు జవాబు చెప్పుకోవలసినవాళ్లు ఆ హాల్లోనే కూర్చుని ఉన్నారు. రెండో మాట ఎవరినీ నిలదీయలేదు, ఏ తప్పునూ చూపలేదు. ఒక తల్లి కన్నబిడ్డ చావును ఆ మాట పరిచయ వాక్యంగా వాడుకుంది. ఒకే మనిషి ఒకే రాత్రి ఈ రెండింటినీ చేయగలిగాడంటే, మనం తేల్చుకోవలసింది కమెడియన్ మంచివాడా చెడ్డవాడా అన్నది కాదని, ఒక్కొక్క మాట ఎక్కడ పడుతోందన్నదేనని అర్థమవుతుంది.

ఈ వేడుకల్లో ఎగతాళికి గురయ్యేవారి పరిస్థితిని ప్రేక్షకులు సాధారణంగా గమనించరు. వ్యాఖ్యాత దగ్గర మైకు ఉంటుంది, వెనక రచయితల బృందం ఉంటుంది, వారాల తరబడి సానబెట్టిన వాక్యం ఉంటుంది. తార దగ్గర ఉన్నది ముఖం ఒక్కటే. ఏ మాటకు ఎవరి ముఖం చూపించాలో ప్రసారం నడిపేవారికి ముందే తెలిసే అవకాశం ఉంది కాబట్టి, కెమెరా ఆ ముఖం మీదికి వెళ్లడానికి క్షణం పట్టదు. నవ్వితే అవమానాన్ని అంగీకరించినట్టు, నవ్వకపోతే హాస్యం తెలియని మనిషి అయినట్టు. 2020 గోల్డెన్ గ్లోబ్స్ వేడుకలో వ్యాఖ్యాత మాటలకు నటుడు టామ్ హ్యాంక్స్ ముఖంలో మారిన ఒక్క కవళిక లోకమంతా తిరిగింది. ఆయన నోరు విప్పి ఒక్క మాటా అనలేదు. కోట్ల ఆస్తి ఉన్నవాళ్ల మీద జాలి చూపమని నేను అడగడం లేదు. ఆ కొద్ది క్షణాల్లో బలం ఎవరి చేతిలో ఉందో చూడమంటున్నాను, ఎందుకంటే బలవంతులను వెక్కిరిస్తున్నాం కాబట్టి ఏమైనా అనవచ్చు అనే సమర్థన అక్కడ కొంత పలచబడుతుంది.

ఈ చర్చలో రికీ జర్వేస్ పేరు తప్పదు. ఈ బ్రిటిష్ కమెడియన్ 2010, 2011, 2012, 2016, 2020 సంవత్సరాల్లో ఐదుసార్లు గోల్డెన్ గ్లోబ్స్ నడిపాడు. 2011లో నటుడు రాబర్ట్ డౌనీ జూనియర్‌ను వేదిక మీదికి పిలుస్తూ, ఈయనను మీరు వ్యసన విముక్తి కేంద్రం ద్వారా, జైలు ద్వారా ఎరుగుదురన్న అర్థంలో పరిచయం చేశాడు. డౌనీ అప్పటికే ఏళ్ల తరబడి మత్తుకు దూరంగా ఉన్నాడు, నటుడిగా మళ్లీ నిలబడ్డాడు. వేదికెక్కిన ఆయన, ఈ కార్యక్రమంలో దయలేనితనం కాస్త ఎక్కువగానే ఉందని మర్యాదగా అంటించి తన పని తాను చేసుకుపోయాడు. ఆయన నొచ్చుకున్నాడా లేదా అన్నది నాకు ముఖ్యం కాదు. ఆ ప్రసారాన్ని చూస్తున్న ఎన్నో ఇళ్లలో తాగుడుతోనో మత్తుతోనో అదే పోరాటం చేస్తున్న కొడుకులు, భర్తలు, తల్లులు ఉంటారు. ఎన్నేళ్లు నిగ్రహంగా నిలబడినా లోకం నిన్ను పాత పేరుతోనే పిలుస్తుందని ఆ మాట వాళ్లకు చెబుతుంది. ఆ పరిహాసం తప్పు అని నేను అనడానికి కారణం అది.

అదే జర్వేస్ 2020లో చేసిన పని మాత్రం నాకు గౌరవం కలిగించింది. యాపిల్ సంస్థ టీవీ రంగంలోకి వచ్చి, పనిచేసే చోట మనిషి గౌరవం గురించి ఒక ధారావాహిక తీసింది. ఆ సంస్థ అధిపతి టిమ్ కుక్ హాల్లో కూర్చుని ఉండగా, గౌరవం గురించి కథ చెబుతున్న ఈ కంపెనీ చైనాలో కార్మికులను పీల్చి పిప్పి చేసే కర్మాగారాలను నడుపుతోందని జర్వేస్ ఆరోపించాడు. ఆ మాటలో అతిశయోక్తి ఎంత అన్నది వాదించుకోవచ్చు. కానీ డబ్బుకు, చెప్పే నీతికి మధ్య ఉన్న దూరాన్ని ఎత్తిచూపడం విదూషకుడి అసలు పని, దాన్ని ఆయన చేశాడు. ఆ వెంటనే గెలిచినవాళ్లకు ఒక హెచ్చరిక చేశాడు: మీకు లోకం సంగతులు తెలియవు, రాజకీయాలు మాట్లాడకుండా బహుమతి పుచ్చుకుని దిగిపోండి అని. ఇంటర్నెట్‌లో ఎక్కువమంది మెచ్చుకున్నది ఈ రెండో భాగాన్నే. నేను దీనితో ఏకీభవించను. నటుడైనంత మాత్రాన పౌరుడిగా మాట్లాడే హక్కు పోదు. ఆ రాత్రే నటి మిషెల్ విలియమ్స్ స్త్రీలకు తమ దేహం మీద ఉండవలసిన నిర్ణయాధికారం గురించి మాట్లాడింది. ఆస్ట్రేలియా కార్చిచ్చుల మధ్య ఇంటి దగ్గరే ఉండిపోయిన నటుడు రసెల్ క్రో, వాతావరణ మార్పు గురించి సందేశం పంపాడు. మొదటి ఎగతాళి ఒక సంస్థను జవాబు చెప్పమంది, రెండోది మనుషులను నోరు మూసుకోమంది. రెండింటినీ ఒకే ధైర్యం కింద జమకట్టడం సరికాదు.

ఇక్కడ నన్ను ఎక్కువగా కలవరపెట్టే ఉదాహరణకు వస్తాను. 2013 జనవరిలో ఆస్కార్ నామినేషన్లను ప్రకటిస్తూ, ఆ ఏటి వేడుక వ్యాఖ్యాత సేథ్ మెక్‌ఫార్లేన్, ఉత్తమ సహాయనటి విభాగంలో పోటీపడుతున్న ఐదుగురినీ అభినందించి, ఇకమీదట మీరు నిర్మాత హార్వీ వైన్‌స్టీన్ అంటే ఇష్టమున్నట్టు నటించనక్కరలేదని అన్నాడు. గదిలో ఉన్న విలేకరులు, సినిమావాళ్లు నవ్వారు. వైన్‌స్టీన్ స్త్రీల మీద చేసిన అఘాయిత్యాలను న్యూయార్క్ టైమ్స్, న్యూయార్కర్ పత్రికలు సాక్ష్యాలతో ప్రచురించింది 2017 అక్టోబరులో. అప్పుడు మెక్‌ఫార్లేన్, తనతో పనిచేసిన ఒక నటి 2011లోనే తన అనుభవాన్ని తనకు చెప్పిందని, ఆ కోపంతోనే ఆ మాట అన్నానని వివరించాడు. ఆయన కోపాన్ని నేను శంకించను. అయితే ఆ మాటకూ ఆ వార్తకూ మధ్య నాలుగున్నరేళ్లకు పైగా గడిచాయి. నిజం బహిరంగంగా పలికింది, అందరూ విన్నారు, నవ్వారు కాబట్టి అది చెప్పేసిన విషయంగా, ముగిసిపోయిన విషయంగా మారిపోయింది. కుక్కర్ విజిల్ వేసినట్టు ఆవిరి బయటికి పోయింది, లోపలిది లోపలే ఉడికింది. పదునైన పరిహాసం సమాజాన్ని మేల్కొలుపుతుందని నమ్మేవాళ్లం, అది కొన్నిసార్లు నిద్రపుచ్చుతుందని కూడా గుర్తించాలి. ఆ నిజాన్ని లోకం పట్టించుకునేలా చేసింది పేరు పెట్టి మాట్లాడిన స్త్రీలు, నెలల తరబడి ఆధారాలు సేకరించిన విలేకరులు.

నామినేషన్లు ప్రకటించిన నెలన్నరకే, ఫిబ్రవరి 24న, మెక్‌ఫార్లేన్ ఆస్కార్ వేదిక మీద ఒక పాట పాడాడు. ఏ నటి ఏ సినిమాలో వక్షస్థలం చూపించిందో పేర్లు వరుసపెట్టి పాడిన పాట అది. ఆ జాబితాలోని సన్నివేశాల్లో అత్యాచార సన్నివేశం కూడా ఉంది. స్త్రీ మీద జరిగే హింసను ప్రేక్షకులకు తెలియజెప్పడానికి ఒక నటి తన దేహాన్ని, మనసును పణంగా పెట్టి చేసిన పనిని, కుర్రాళ్ల చాటుమాటు చూపు స్థాయికి దించేశాడు. ఆ రాత్రే తొమ్మిదేళ్ల నటి క్వెంజనే వాలిస్ పేరు తీసి, నటుడు జార్జ్ క్లూనీ ప్రేయసుల వయసు గురించిన పరిహాసంలో ఆ పిల్లను ఇరికించాడు. క్లూనీని ఆటపట్టించడానికి చిన్నపిల్ల అవసరం లేదు. 2015 గోల్డెన్ గ్లోబ్స్‌లో వ్యాఖ్యాతలు టీనా ఫే, ఎమీ పోలర్ అదే క్లూనీ మీద చేసిన పరిహాసాన్ని చూడండి: ఆయన భార్య అమల్ మానవహక్కుల న్యాయవాదిగా సాధించినవి ఒక్కొక్కటిగా చెప్పి, అందుచేత ఈ రాత్రి జీవన సాఫల్య పురస్కారాన్ని ఆమె భర్తకు ఇస్తున్నాం అన్నారు. ఎవరి దేహం జోలికీ పోకుండా, సినిమా ప్రపంచం తనను తాను ఎంత పెద్దగా ఊహించుకుంటుందో రెండు వాక్యాల్లో తేల్చిన మాట అది. క్లూనీ నవ్వు కూడా అందులో కలిసింది.

అమెరికాలో ‘రోస్ట్’ అనే వేరే సంప్రదాయం ఉంది కదా, అక్కడ దీనికి పదింతలు అంటారు కదా అని కొందరు అడుగుతారు. రోస్ట్‌కు వచ్చే మనిషి, నన్ను ఏమైనా అనండి అని ఒప్పుకుని కూర్చుంటాడు, చివర్లో మైకు అతనికీ ఇస్తారు. అవార్డుల వేడుకకు వచ్చినవారు తమ పనికి గుర్తింపు దొరుకుతుందేమోనని వచ్చినవారు. అసలు ఒప్పుకున్నవారి విషయంలో కూడా లెక్క అంత సులువు కాదు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు టామ్ బ్రేడీ 2024 మేలో నెట్‌ఫ్లిక్స్‌లో తన రోస్ట్‌కు తానే అంగీకరించాడు. కొద్ది రోజులకే, ఆ మాటలు తన పిల్లల మీద పడిన తీరు తనకు నచ్చలేదని చెప్పాడు. తండ్రి ఇచ్చిన అనుమతి పిల్లలకు వర్తించదు.

పని నేర్పు గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2024 గోల్డెన్ గ్లోబ్స్‌కు జో కాయ్‌ను వ్యాఖ్యాతగా ప్రకటించింది వేడుకకు రెండున్నర వారాల ముందే. మాటలు తేలిపోతుంటే, వేదిక మీదే ఆ నింద రచయితల మీదికి నెట్టాడు. అంతకుముందు ఏడాది ఒక స్త్రీ దర్శకత్వంలో పెద్ద విజయం సాధించిన ‘బార్బీ’ని, ప్లాస్టిక్ బొమ్మ ఛాతీ గురించిన సినిమాగా కుదించిన మాట ఆయనదే. మరుసటి ఏడాది వచ్చిన నిక్కీ గ్లేజర్, ఆ వేడుకను ఒంటరిగా నడిపిన మొదటి మహిళ, తన ప్రారంభ ప్రసంగాన్ని చిన్న క్లబ్బుల్లో పదేపదే చెప్పి చూసుకుని, ప్రేక్షకులు ఎక్కడ ముడుచుకుపోతున్నారో గమనించి మార్చుకుంది. ఆమె మాటల్లో పదును తక్కువేమీ లేదు. నొప్పించకుండా కొట్టడం ఎలాగో తెలియాలంటే ముందు ఎదుటివారి గురించి తెలుసుకోవాలి. 2023 ఆస్కార్ వేదిక మీద వ్యాఖ్యాత జిమ్మీ కిమ్మెల్ ‘ఆర్ఆర్ఆర్’ను బాలీవుడ్ సినిమా అన్నప్పుడు మనకు కలిగిన చివుక్కుమనిపించే అనుభూతిని ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు, అందులో దురుద్దేశం లేదు, తెలుసుకునే శ్రమ మాత్రం లేదు.

ఏది చెప్పవచ్చో, ఏది కూడదో ముందుగా ఒక కమిటీ చూసి ఆమోదిస్తే సరిపోతుందని కొందరి సూచన. అది జరిగే పని కాదని 2022 మార్చి 27 రాత్రి చూశాం. కమెడియన్ క్రిస్ రాక్ ఆ రోజు ఆస్కార్ వ్యాఖ్యాత కూడా కాదు, డాక్యుమెంటరీ పురస్కారం ప్రకటించడానికి వచ్చాడు. నటి జేడా పింకెట్ స్మిత్ గుండును చూసి, సైన్యంలో చేరిన స్త్రీ కథగా వచ్చిన పాత సినిమాకు రెండో భాగం తీస్తున్నావా అన్నట్టు మాట్లాడాడు. ఆమెకు జుట్టు రాలిపోయే అలోపీషియా ఉందని 2018లోనే ఆమె బహిరంగంగా చెప్పింది. ఆ మాట ముందుగా రాసుకున్నది కాదని ఆ కార్యక్రమ నిర్మాత తర్వాత చెప్పాడు. కమిటీ చూడటానికి కాగితం మీద ఏమీ లేదు. జేడా భర్త, నటుడు విల్ స్మిత్ వేదికెక్కి రాక్‌ను చెంపదెబ్బ కొట్టడం తప్పు. మాటకు జవాబు మాటే కావాలి. 2005లో ఇదే రాక్ నటుడు జూడ్ లాను తీసిపారేసినట్టు మాట్లాడితే, మరో నటుడు షాన్ పెన్ అదే వేదిక మీద నిలబడి, ఆయన మన గొప్ప నటుల్లో ఒకరని చెప్పాడు. చర్చ అక్కడితో తీరిపోయింది, ఎవరికీ దెబ్బ తగలలేదు.

ఆస్కార్ సంస్థ స్మిత్‌ను పదేళ్లపాటు తన కార్యక్రమాలకు రాకుండా నిషేధించింది. ఆ శిక్షతో నాకు తగాదా లేదు. అయితే ఆ ఏడాది నడిచిన చర్చ అంతా చెంపదెబ్బ చుట్టూనే తిరిగింది. జుట్టు కోల్పోయిన ఒక స్త్రీ మొదటి వరుసలో కూర్చుని ఉండగా, ఆ జబ్బునే నవ్వుగా మార్చి, కెమెరాను ఆమె ముఖం మీద నిలిపినప్పుడు, కొట్టినవాడితో పాటు ఆ మాటను కూడా విచారించి ఉండవలసింది. వ్యాఖ్యాతలను ఎంచుకునే సంస్థలు ఇకముందైనా వారితో ఒప్పందం కుదుర్చుకునే రోజునే ఈ సంగతి ఎదురుగా కూర్చుని మాట్లాడాలి: మా సంస్థను, మా డబ్బును, మా సినిమాలను, మా వేషాలను మీ ఇష్టం వచ్చినట్టు అనండి, మేము అడ్డురాము, రోగాన్ని, పసిపిల్లలను, చనిపోయినవారిని వదిలేయండి అని. కార్మైకేల్ 2023లో చేసిన మొదటి పనికి ఈ ఒప్పందం ఏమాత్రం అడ్డు కాదు, చేసిన రెండో పనికి మాత్రమే అడ్డు అవుతుంది.