మబ్బుల వెనక తేదీ రాసిన చిత్రకారుడు

నమస్కారం. ముందుగా ఈ చిన్న బొమ్మ చూడండి. ఆకాశం తప్ప ఇందులో దాదాపు ఏమీ లేదు. కాగితం మీద ఆయిల్ రంగులతో గబగబా వేసిన మబ్బులు. దీని వెనక చిత్రకారుడు ఇలా రాసుకున్నాడు: 1822 సెప్టెంబర్ 5, ఉదయం 10 గంటలు, ఆగ్నేయం వైపు చూస్తూ, పడమటి గాలి జోరుగా ఉంది. పసుపు వెలుగు మీద బూడిదరంగు మబ్బులు వేగంగా పరుగెడుతున్నాయని కూడా రాశాడు.

బొమ్మ వెనక గాలి ఎటు వీస్తోందో రాసుకునే చిత్రకారుడు ఎవరుంటారండి? జాన్ కాన్‌స్టబుల్. ఆయనకు ఆ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఆయన బొమ్మలన్నీ కొత్తగా కనిపిస్తాయి. నాకైతే అలాగే జరిగింది.

1776లో ఇంగ్లండ్ తూర్పున, సఫోక్ ప్రాంతంలోని ఈస్ట్ బర్గోల్ట్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి ధాన్యం వ్యాపారి. స్టౌర్ నది మీద ఫ్లాట్‌ఫర్డ్, డెడమ్ అనే చోట్ల వాళ్లకు నీటితో తిరిగే పిండిమరలు ఉండేవి. ఊళ్లో ఒక గాలిమర కూడా ఉండేది. పడవల మీద సరుకు లండన్‌కు వెళ్లేది. వ్యాపారం కొడుకు చూసుకుంటాడని తండ్రి ఆశ. జాన్ కొన్నాళ్లు ఆ మరల దగ్గర పని చేశాడు కూడా. పదహారేళ్ల వయసులో గాలిమర చెక్క మీద తన పేరు, 1792 అన్న అంకె చెక్కుకున్నాడు.

గాలిమర నడిపేవాడు పొద్దస్తమానం ఆకాశం చూడాల్సిందే. గాలి మళ్లిందని గమనించకపోతే మర ఆగిపోతుంది, పెనుగాలి వస్తే విరిగిపోతుంది. వాళ్లకు మబ్బంటే పని. ఆ చూపే కాన్‌స్టబుల్ కుంచెలోకి వచ్చింది. ఆయన తమ్ముడు ఏబ్రమ్ తర్వాత ఆ మరల వ్యాపారం చూసుకున్నాడు. అన్న వేసిన మర బొమ్మ చూస్తే అది నిజంగా తిరుగుతుందనిపిస్తుందని, వేరేవాళ్లు వేసినవి అన్నిసార్లూ అలా ఉండవని అన్నాడట. ఏ విమర్శకుడి మెచ్చుకోలు కన్నా నాకు ఈ మాటే ఎక్కువ ఇష్టం.

1799లో లండన్‌లోని చిత్రకారుల సంస్థ రాయల్ అకాడమీ నడిపే స్కూల్లో చేరాడు. అప్పట్లో పురాణగాథలకు, చరిత్ర ఘట్టాలకు ఉన్న గౌరవం ప్రకృతి దృశ్యాలకు లేదు. చాలామంది చిత్రకారులు ఇటలీ వెళ్లేవాళ్లు. ఈయన మాత్రం జీవితంలో ఒక్కసారి కూడా ఇంగ్లండ్ దాటలేదు. మర ఆనకట్ట నుంచి జారే నీళ్ల చప్పుడు, విల్లో చెట్లు, పుచ్చిన పాత గట్లు, పాకుడు పట్టిన గుంజలు, ఇటుక గోడలు తనకు ప్రాణమని 1821లో మిత్రుడు జాన్ ఫిషర్‌కు రాసిన ఉత్తరంలో చెప్పాడు. తన చిన్ననాటి ఆ చోట్లే తనను చిత్రకారుణ్ణి చేశాయని కూడా అందులోనే రాశాడు.

ఆ ఏడాదే ఈ పెద్ద బొమ్మ ప్రదర్శనకు పెట్టాడు: 'ది హే వెయిన్', అంటే గడ్డిబండి. ఆరడుగుల పైన వెడల్పు. నది మధ్యలో ఖాళీ బండి, దాన్ని లాగే గుర్రాలు, గట్టున కుక్క. ఎడమవైపు ఇల్లు విల్లీ లాట్ అనే రైతుది. దూరంగా కుడివైపు పొలంలో చూడండి, గడ్డి కోసేవాళ్లు చుక్కల్లా కనిపిస్తారు. బండిని నీళ్లలో ఎందుకు ఆపారు? చక్రాలు తడపడానికని కొందరు చెబుతారు. వేసవిలో చెక్క ఎండి ముడుచుకుంటే చుట్టూ ఉన్న ఇనుప పట్టీ వదులవుతుంది, తడిస్తే మళ్లీ బిగుస్తుంది. మన ఊళ్లలో ఎడ్లబండి తోలినవాళ్లకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు.

లండన్‌లో ఆ బొమ్మ అమ్ముడుపోలేదు. తర్వాత పారిస్ వ్యాపారి ఒకరు కొన్నారు. 1824లో అక్కడి ప్రదర్శనలో దానికి బంగారు పతకం వచ్చింది. ఇప్పుడది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది.

ఇక ఆయన భార్య మారియా గురించి చెప్పాలి. ఇద్దరూ 1809 నుంచి ప్రేమలో ఉన్నారు. ఆమె తాతగారు ఈస్ట్ బర్గోల్ట్ చర్చి పాదిరీ. బొమ్మలేసుకునేవాడికి మనవరాలిని ఇవ్వనన్నారు. ఏడేళ్లు ఉత్తరాలతోనే గడిపారు. 1816లో కాన్‌స్టబుల్ తండ్రి పోయాక, ఆస్తిలో వాటా వచ్చాక పెళ్లయింది. ఆ పెళ్లి జరిపించిన పాదిరీ ఫిషరే. మారియా ఆరోగ్యం కోసం లండన్ పక్కన ఎత్తు మీదున్న హాంప్‌స్టెడ్‌లో ఇల్లు తీసుకునేవాళ్లు. మొదట్లో చూపించిన దానిలాంటి మబ్బుల బొమ్మల్లో చాలా వరకు అక్కడివే. ఆమెకు మంచి గాలి కోసం వెళ్లిన చోటే ఆయన గాలిని చదివాడు.

ఏడుగురు పిల్లలు పుట్టారు. 1828 నవంబర్‌లో మారియా క్షయతో చనిపోయింది. ఇక తనకు ప్రపంచం ముఖమే మారిపోయిందని అన్నకు రాశాడు. మరుసటి ఏడాది అకాడమీ పూర్తి సభ్యత్వం వచ్చింది, అదీ ఒక్క ఓటు తేడాతో. ఆ వార్త చెప్పుకోవడానికి ఇంట్లో ఆమె లేదు.

ఫిషర్ ఆయన్ను సాలిస్‌బరీకి రమ్మన్నాడు, అక్కడి కెథడ్రల్‌ను, అంటే పెద్ద చర్చిని, వెయ్యమని ప్రోత్సహించాడు. 1831లో ప్రదర్శించిన బొమ్మ ఇదీ. ఆకాశం నిండా నల్లటి తుపాను మబ్బులు. వాటి మధ్యలోకి కెథడ్రల్ శిఖరం దూసుకెళ్తోంది. నీళ్లలో మళ్లీ ఒక బండి, మళ్లీ ఒక కుక్క. పైన ఇంద్రధనుస్సు.

ఆ బొమ్మ ఆయన బతికుండగా అమ్ముడుపోలేదు. 1832లో ఫిషర్ కూడా పోయాడు. కాన్‌స్టబుల్ దాన్ని తన దగ్గరే ఉంచుకుని, మళ్లీ మళ్లీ దిద్దుకుంటూ, 1837లో కన్నుమూశాడు. వీడియో ఇక్కడ ఒక్క క్షణం ఆపి, ఇంద్రధనుస్సు వెంట కిందికి చూసుకుంటూ రండి. కుడివైపు చెట్ల దగ్గర అది నేలను తాకే చోట ఉన్నది ఫిషర్ ఇల్లు.